ఇరవై ఎనిమిది చింతగింజలు

మా ఆశ్రమ పాఠశాల లెక్కల మేడంకి ఒక అలవాటు ఉండేది. ఏ సంఖ్య కనిపించినా, శేషం రాకుండా దాన్ని భాగించే సంఖ్యలేమిటో వేళ్ల మీద వెతికేవారు. పర్ణశాల ఊరికి వెళ్లే బస్సు నంబరును కూడా వదిలేవారు కాదు. నా రోల్ నంబరు ఇరవై ఎనిమిదని విన్న రోజునే, "నీది పరిపూర్ణ సంఖ్య పిల్లా!" అన్నారు. నాకేమీ అర్థం కాలేదు.

తొమ్మిదో తరగతిలో నేను లెక్కల్లో తప్పాను. మిరపకాయలు ఏరడానికి తీసుకుపోతానని నాన్న వచ్చాడు.

"లెక్కలు రాని పిల్లకు సదువెందుకు మేడం? నాకూ రావు," అన్నాడు.

మేడం ఇరవై ఎనిమిది చింతగింజలు ఆయన ముందు పోశారు. "ఒక్కటీ మిగలకుండ సమానమైన కుప్పలు ఎన్ని తీర్ల అయితయో పేర్చు, అన్నా."

నాన్న ఒక్కోటి, రెండేసి, నాలుగేసి, ఏడేసి, పద్నాలుగేసి పేర్చి చూశాడు.

"ఇప్పుడు ఆ అంకెలన్నీ కలుపు."

నాన్న వేళ్లు మడిచాడు. "మళ్ల ఇరవై ఎనిమిదే అయితంది!"

"ఏందన్నా, లెక్కలు రావంటివి గదా?"

నాన్న నవ్వి, ఆ రోజు ఒక్కడే ఊరికి వెళ్లాడు.

మరుసటి నెల వచ్చినప్పుడు ముందు మేడం దగ్గరికే నడిచాడు. "ఆరు గూడ గంతే మేడం. ఒకటి, రెండు, మూడు కలిపితే మళ్ల ఆరే."

మేడం బోర్డు మీద ఆరు వేసి, పక్కన మా నాన్న పేరు రాశారు.

"ఏం రాసింది బిడ్డా?" అని నన్నడిగాడు.

చదివి చెప్పాను. మళ్లీ ఒకసారి చదవమన్నాడు.