గురునాథరావు ఆప్షనల్ మార్చాడు

గురునాథరావుకి ఒకటే జబ్బు, ఆప్షనల్ సబ్జెక్టు మార్చడం. పోర్టులో క్రేన్ నడిపే ఆయన దూరవిద్యలో బీఏ చేరిన నాటికి వాళ్ల పేట మల్కాపురంలో ఉయ్యాలల్లో ఉన్న పిల్లలు పెళ్లీడుకొచ్చారు గాని, ఆయన డిగ్రీ మాత్రం చేతికి రాలేదు.

సబ్జెక్టు మారితే మనిషీ మారిపోయేవాడు. సైకాలజీ ఏడాది, భార్య నారాయణమ్మ గిన్నె దభీమని పెడితే, "ఇది కోపం కాదే, సిన్నప్పటి భయం" అన్నాడు.

"భయం కాదు, గిన్నె కాల్తంది" అందావిడ.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఏడాది కూరగాయలు తెమ్మంటే, "పరిశీలనలో ఉంది" అన్నాడు. ఆ పూట ఆయన భోజనం కూడా పరిశీలనలోనే ఉండిపోయింది.

2003లో పక్కవీధి దుర్గ అదే దూరవిద్యలో డిగ్రీ ఆఖరేడుకొచ్చింది. సముద్రంలో చేపల వేటకెళ్లే వాళ్ల ఇంటి పిల్ల. పగలు ఐసు ఫ్యాక్టరీలో గడ్డలు మోసే పని. ఆఫీసులోకి కొత్తగా కంప్యూటర్ వచ్చింది. అది నేర్చినవాళ్లకే ఆఫీసులో కుర్చీ అన్నాడు యజమాని. దుర్గ మరి ఆలోచించలేదు, ఆప్షనల్ కంప్యూటర్ అని రాసేసింది.

"క్లాసు నడుస్తుందో లేదో ఆదివారం వచ్చి చూడమ్మా" అన్నాడు స్టడీ సెంటర్ మాస్టారు శ్రీరామ్మూర్తి.

ఆదివారం భయపడుతూనే వెళ్లింది. క్లాసు నడుస్తోంది. ముందు బెంచీలో గురునాథరావు! కీబోర్డు కేసి అనుమానంగా చూస్తున్నాడు.

"ఏటి మేష్టారూ, అచ్చరాలు ఇలా కలగలిపీసినారు? వరసగా ఎట్టుకోడానికేటొచ్చింది?"

అందరూ నవ్వారు. ప్రతి వారం ఇదే వరస. ఆయన ఏదో నొక్కేవాడు, తెర నల్లబడేది, మాస్టారు పరుగెత్తుకొచ్చేవాడు. పరీక్షలు దగ్గరపడేసరికి దుర్గకి ఒళ్లు మండిపోయింది.

"ఏడాదికోటి మార్సి నువ్వేటి బావుకున్నావ్ బాబాయ్? మమ్మల్నైనా సదువుకోనీ!"

"ఇంటరెస్టమ్మా" అని నసుగుతూ ఆయన టీకి వెళ్లిపోయాడు.

శ్రీరామ్మూర్తి గొంతు తగ్గించాడు. "పదిమంది లేకపోతే క్లాసు ఎత్తేస్తారమ్మా. మీరు తొమ్మిదిమందే. ఆయనకి కబురు పెట్టాను. మొదట్నుంచీ అంతే, ఏ సబ్జెక్టుకి మనిషి తక్కువైతే ఆ సబ్జెక్టు మీద ఆయనకి ఇంటరెస్టు పుడుతుంది."



ఫలితాలొచ్చాయి. దుర్గ పాసైంది, కుర్చీ ఎక్కింది. గురునాథరావు దివ్యంగా తప్పాడు. వంజరం చేప పట్టుకుని దుర్గ ఆయన ఇంటికెళ్లి గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రా" అన్నాడాయన చేప వంక చూసి. "నీకు తత్వశాస్త్రం ఇష్టమేనేటి?"

"నా డిగ్రీ అయిపోనాది కదా బాబాయ్!"

"అయితే ఏటి? నానొకడ్ని ఉన్నాను. పదిమందికి ఇంకొకరు తక్కువయ్యారంట."

దుర్గ చేపని నారాయణమ్మ చేతిలో పెట్టి, "క్లాసు ఎన్నింటికి?" అంది.