పూలమ్మ కొన్న పెద్దకారు

పుట్టింటివారు పూలమ్మ పేరున రాసిచ్చిన చెలక భూమి ఓపెన్‌కాస్ట్ బొగ్గుగని కింద పోయింది. చేతికొచ్చిన పరిహారంతో ఆమె ఇల్లు కట్టలేదు, బంగారం చేయించలేదు. కారు కొంటానంది. మామూలు కారు కాదు, భూమి కొలవడానికి గని పెద్దమనుషులు వేసుకొచ్చినటువంటి ఎత్తైన విదేశీ కారు. ఆ రోజు ఆమె కందిచేలోంచి పరుగెత్తుకొచ్చి ఏదో అడగబోతే, వాళ్లు అద్దం కూడా దించకుండా దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయారు. ఆ మంట చల్లారలేదు.

"గిదేం పిచ్చే నీకు?" అన్నాడు గనిలో డంపరు నడిపే భర్త రఘుపతి.

"భూమి నాది, పైసలు నావి. నడిపేది నువ్వు, కూసునేది నేను."

హైదరాబాదు షోరూంలో, ఒకరు వాడి తిరిగి అమ్మిన బండి ఏడాది గ్యారంటీతో దొరికింది. గని కార్మికులుండే సెంటినరీ కాలనీకి అది వచ్చిన రోజు క్వార్టర్ల ముందు తిరునాళ్లే. ఎక్కి చూస్తామన్న ఎవరినీ పూలమ్మ కాదనలేదు. పక్కింటి సారక్క బిడ్డకు పురిటినొప్పులొస్తే గోదావరిఖని దవాఖానకు ఆ కారులోనే తీసుకుపోయింది.

వానలు మొదలైన నెలలో ఒక పొద్దున చూస్తే, కారు ముందుభాగం కూలబడ్డ బర్రెలా నేలకు ఆనుకుని ఉంది. మెకానిక్ మొగిలి చుట్టూ తిరిగి చేతులెత్తేశాడు.

"దీనికి స్ప్రింగులు లేవక్కా, గాలితిత్తులుంటయి. ఇప్పాలంటే వాళ్ల కంప్యూటరే కావాలె. నేను ముట్టుకుంటే నీ గ్యారంటీ పోతది."

లారీ మీదికెక్కించి హైదరాబాదుకు తోలుకుపోయారు. అక్కడ షోరూంలో పృథ్వీరాజ్ అనే ఉద్యోగి చల్లటి నీళ్లిచ్చి, అంతే చల్లగా చెప్పాడు. తిత్తులన్నీ మార్చాలట. ఆ ఖర్చుతో పాత చిన్నకారు ఒకటి కొనుక్కోవచ్చు. గ్యారంటీ వర్తించదట.

"ఎందుకు వర్తించదు?"

"బొగ్గు గనుల రోడ్ల మీద తిప్పారు కదమ్మా. అయినా, ఇలాంటి బండి కొనేముందు భరించగలమా అని చూసుకోవాలండీ."

పూలమ్మకు ఒళ్లంతా భగ్గుమంది. గోడ నిండా అదే కారు బొమ్మ, బురదలోంచి రాళ్లగుట్ట ఎక్కుతూ. లేచివెళ్లి దానిమీద అరచేత్తో చరిచింది.

"మరి గిదేంది? గుట్టలెక్కుతదని బొమ్మేసి అమ్మితిరి. మా గుంతల్ల నడిస్తే తప్పు మాదా? మాది బొగ్గుబాయిల ఊరని పైసలు తీసుకున్ననాడు ఎరుక లేదా? ఆనాడు దండేసి ఫోటో తీస్తిరి, ఇయ్యాల భరిస్తవా అని అడుగుతున్నవా?"

కార్లు చూసుకుంటున్నవాళ్లంతా అటు తిరిగారు. మేనేజరు నరసింహమూర్తి పరుగున వచ్చాడు. "గొడవెందుకమ్మా, సగం మేం పెట్టుకుంటాం."

"సగం తప్పు నాదైతే గదా సగం నేను పెట్టేది!"

రఘుపతి కొంగు లాగినా ఆమె ఒప్పుకోలేదు. కరీంనగర్ వినియోగదారుల ఫోరంలో కేసు వేసింది. తెలంగాణ సమ్మెలతో బస్సులు నిలిచిన రోజుల్లో కూడా, దొరికిన బండి పట్టుకుని వాయిదాలకు పోయింది. చివరికి షోరూం తన ఖర్చుతోనే బాగుచేయాలని తీర్పు వచ్చింది.

బాగుపడి వచ్చిన కారు ఎండాకాలం దాటలేదు. ఈసారి గేరుబాక్సు. ఇక గ్యారంటీ గడువే లేదు. పూలమ్మ బిగ్గరగా ఏడ్చింది. భూమి పోయిననాడు కూడా అంత ఏడవలేదు.

అమ్మకానికి పెట్టింది. చూడవచ్చిన ప్రతివాడికీ అన్ని రోగాలూ విప్పి చెప్పేది. "ఇట్ల చెప్పుకుంటపోతే ఎవడు కొంటడే?" అని రఘుపతి తల పట్టుకున్నాడు.

"ఆ షోరూమోడు చెప్పలే. నేను చెప్త."

బెల్లంపల్లి పాతసామాన్ల వ్యాపారి ఒకడు విడిభాగాల కోసం, తనకు తోచినకాడికి ఇచ్చి లాక్కుపోయాడు. ఆ డబ్బుతో పూలమ్మ రెండు పాడిబర్రెలను కొంది.