పెళ్ళిచూపుల్లో నేను పాడిన పాట

ఈ రోజు పొద్దున రేపల్లె బండిలో పెళ్ళివారు తెనాలి వచ్చి నన్ను చూసి వెళ్ళారు. అబ్బాయికి బాపట్లలో లెక్చరర్ ఉద్యోగమని మధ్యవర్తి మాతో చెప్పాడు.

టిఫిన్లయ్యాక అబ్బాయి తల్లి నన్ను ఏదైనా పాట పాడమంది. కీర్తన పాడమని అమ్మ సైగ చేసింది. నేను మాత్రం రేడియోలో విని నేర్చుకున్న పాట అందుకున్నాను. తనవాళ్ళనుకున్న అందరి చేతుల్లోనూ మోసపోయిన మనిషి, ఒక్క నిజమైన తోడు కోసం వెతుక్కునే పాట అది.

పాట అయ్యేసరికి ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఇదేం పాటమ్మా, పెళ్ళిచూపుల్లో?"

"ఏదైనా పాడమన్నారుగా అత్తయ్యగారూ. నాకు ఇష్టమైన పాట ఇదేనండి," అన్నాను.

అప్పటిదాకా తల దించుకుని కూర్చున్న అబ్బాయి నావైపు చూశాడు.

"అయితే మీకో నిజం చెప్పాలండి. నాకింకా ఉద్యోగం రాలేదు. బాపట్లలో ట్యుటోరియల్లో పాఠాలు చెబుతున్నానంతే."

వాళ్ళమ్మ మోచేత్తో పొడుస్తున్నా ఆయన ఆగలేదు.

నాన్న కోపంగా లేచి నిలబడ్డారు. సంబంధం తప్పిపోయినట్టేనని అందరూ అనుకున్నారు. నేను వాళ్ళందరి ముందే, "నాన్నా, నాకు ఈయన నచ్చారు," అన్నాను.

సాయంత్రం దాకా ఆలోచించి నాన్న సరేనన్నారు. అమ్మ మాత్రం వంటింట్లో ఇంకా సణుగుతూనే ఉంది. ఉద్యోగం ఇవాళ కాకపోతే రేపు వస్తుంది. కన్నతల్లి మోచేతి పోట్లు తింటూ కూడా నిజం చెప్పే మనిషి మళ్ళీ దొరుకుతాడా? నా చోట మీరుంటే ఏమనేవారు?