ఈ ఒక్క రాత్రి దూరం

క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో చూడటానికి ఈ రోజు మా తమ్ముడికి కర్నూలులో స్కాన్ తీయించి, మధ్యాహ్నానికి ఆళ్లగడ్డ చేరాము. స్కాన్‌కు ముందు వేసిన సూదిమందులో రేడియేషన్ ఉంటుంది కనుక ఈ ఒక్క రాత్రి గర్భిణులకు దూరంగా ఉండమన్నారు. వాడి కూతురు సుజాత కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నంద్యాల కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. వాడు ఇంటి ముందరి అంగడిలో కూర్చున్నాడు, అమ్మాయి వంటింటి గడప దగ్గర, నడుమ నేను.

"ఏం తల్లీ, ఈ మందు నీ దాకా వస్తాందా?" అని ఆడనుండే అరిచాడు.

"అంతా రాదు నాయనా. కొన్ని పరమాణువులు కిరణం బయటికి ఇడువవు. ఆ శక్తిని లోపలి ఎలక్ట్రాన్‌కే ఇచ్చి దాన్ని తరిమేస్తాయి. ఆ ఖాళీలోకి పైది దిగితే, ఆ ఊపుకు ఇంకోటి ఎగిరిపోతాది. అవన్నీ నీ ఒంట్లోనే ఆగిపోతాయి. బయటికొచ్చే కిరణానికే నేను దూరం."

"లోపల్లోపలే తరుముకునేదా! అన్నదమ్ముల పంపకాల మాదిరి ఉందే" అని నవ్వాడు.

సాయంత్రం డాక్టరు ఫోన్ చేశాడు. అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాను. వెన్నులోకి, పక్కటెముకల్లోకి పాకిందన్నాడు.

"నాయనా!" అంటూ సుజాత లేచి రాబోయింది. వాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"రావద్దు తల్లీ. ఆడనే ఉండు. రేపు పొద్దున వద్దువులే."

అది గడప పట్టుకొని కూలబడింది. వాడు బియ్యం మూటల వైపు మొహం తిప్పుకున్నాడు. నరసింహస్వామి పేరు నా నోట్లోనే ఉంది, కాళ్లకే దారి తెలియలేదు.

మీరైతే ముందు ఎవరి దగ్గరికి పోయేవారు?