అడ్డకడ్డీ వేయించి సోహ్నా దాకా

ఎనభైల మొదట్లో మాట. గుర్‌గావ్ అవతల సోహ్నా కొండ మలుపులో మా పాత కారు పక్కకి జారి రాతి గోడను గుద్దుకున్న రోజు నుంచి నా భార్య విమల ఆ కారంటేనే హడలిపోయేది. ఆసుపత్రిలో నర్సు డ్యూటీకి సిటీ బస్సులోనే వెళ్ళేది. తప్పనిసరై కారెక్కితే, ఎక్కగానే మొదలెట్టిన ప్రార్థనకి దిగి నేల మీద కాలు పెట్టాకే ఆమెన్ చెప్పేది. దారి పొడవునా ఆ పెదవులు అలా కదులుతుంటే నా డ్రైవింగ్ మీద నాకే నమ్మకం పోయేది.

కారు బాడీ వదులైంది, మలుపులో మెలి తిరుగుతోందని కశ్మీరీ గేట్ మెకానిక్ సర్దార్జీ తేల్చాడు. కాళ్ళు కదిలే మంచానికి అడ్డపట్టె కొట్టినట్టు, బానెట్ కింద రెండు పక్కలనూ కలుపుతూ ఒక ఇనుప కడ్డీ బిగించాడు. అడుగున మరొకటి. వేయించుకునేవాళ్ళకి ఒక మాట: కారు జాకీ మీద ఉండగా బోల్టులు బిగించనివ్వకండి. నాలుగు చక్రాలూ నేలకి ఆనాకే బిగించాలి, లేకపోతే బాడీ వంకరగానే ఉండిపోతుంది. కాస్త దూరం నడిపాక నట్లు మళ్ళీ చూసుకోమని కూడా చెప్పాడు.

డ్యూటీలో నిలబడి నిలబడి విమలకి మడమల నొప్పి పట్టుకుంది. సోహ్నా వేడినీటి గుండం మంచిదని బతిమాలి ఒప్పించాను. ఆమె సెలవు రోజు పొద్దున ఆరున్నరకి, క్యారియర్లో పులిహోర, కోడి వేపుడుతో కటవారియా సరాయ్‌లోని మా ఇంటి నుంచి బయల్దేరాం.

"ఏవండీ, మెల్లగా," అంది. నేనింకా మొదటి గేరులోనే ఉన్నాను.

గుర్‌గావ్ దాటాం. కారు ఇదివరకటిలా ఊగడం లేదు గానీ ప్రతి గుంతా నేరుగా నడుముకే తగులుతోంది. ఏ చప్పుడు విన్నా కడ్డీయే ఊడిందనుకునేవాణ్ణి.

సోహ్నా ఊరి ముందు టీ కొట్టు దగ్గర ఆపాను. విమల దిగి ఆమెన్ చెప్పుకుంది. నేను బానెట్ ఎత్తి చూస్తే, ఎడమ నట్టు వేలితోనే తిరిగింది. ఇది చూసిందంటే ఇక్కడే బస్సెక్కేస్తుంది, ఇక జన్మలో ఈ కారెక్కదు. చాటుగా స్పానర్ తీస్తుంటే టీ కొట్టతను గొంతెత్తాడు.

"క్యా హువా బాబూజీ? గాడీ ఖరాబ్?"

వెనక్కి తిరిగితే గ్లాసుతో విమల.

"వదులైందా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. "అయింది," అన్నాను.

ఆమె వంగి కడ్డీని చూసింది. "ఆసుపత్రిలో కట్టు కట్టాక మేమూ గంటలో మళ్ళీ చూస్తామండీ. కట్టేసి వదిలేసేవాళ్ళతోనే భయం. ఆ రెండో వైపు కూడా చూడండి."

నాలుగు నట్లూ ఆమె కళ్ళముందే బిగించాను. గుండంలో ఆడవాళ్ళకి వేరే స్నానాల చోటుంది. గంధకం వాసన భరించగలిగితే నీళ్ళు బాగుంటాయి. బయటికొచ్చాక, "కొండ మీద తిందామా?" అని తనే అడిగింది. నాకు ఆనందం కన్నా భయమే ఎక్కువైంది.

తిని దిగేటప్పుడు ఆ మలుపు వచ్చింది. గోడకి పెచ్చు ఊడిన చోటు అలాగే ఉంది. గేరు తగ్గించి స్టీరింగ్ తిప్పాను. పక్కన ఆ పెదవులు కదులుతూనే ఉన్నాయి. కారు జారకుండా, ఊగకుండా ఒక్క ముక్కలా తిరిగి బయటపడింది.

"ఆమెన్," అంది విమల పైకే. ఇల్లింకా గంటన్నర దూరం.

సోహ్నాలో చూడాల్సింది ఏముందని ఎవరడిగినా నాకు ఆ మలుపే గుర్తొస్తుంది. అది దాటాక ఆమె క్యారియర్ మూత తీసింది.

"కోడి ముక్క ఒకటి మిగిలింది. నోట్లో పెడతాను, మీరు రోడ్డు చూడండి."