హీట్‌సింక్ కింద నీలం పొర

కంప్యూటర్‌లో డేటా దాచే ఎస్.ఎస్.డి. డ్రైవ్‌కి హీట్‌సింక్ కావాలా వద్దా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు జవాబు చెప్పగలను. ఆ జవాబు కోసం పడ్డ అవస్థ తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఉద్యోగంలో చేరిన ఏడాది నుంచి డైరీ రాస్తున్నాను. కాకినాడలో మా ఇల్లు పల్లంలో ఉంది. ఒక తుఫానుకి బీరువా అడుగు అరలోకి నీళ్లొచ్చి, కింది వరస డైరీల్లో సిరా అంతా అలుక్కుపోయింది. మిగిలినవైనా దక్కాలని పేజీ పేజీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాను. అదీ అదే పల్లపుటింట్లో ఉంటే ఏం లాభం? కొత్త ఎస్.ఎస్.డి. కొని, అన్నీ అందులోకి ఎక్కించి, పాతదాన్ని మా చెల్లెలి చేతికిచ్చి పంపాలనుకున్నాను. తునిలో వాళ్ల ఇల్లు మెరక మీద ఉంది. తను మా ఇంటికి వచ్చి ఉంది. మర్నాడు పొద్దున్నే అన్నవరంలో వ్రతం చేసుకుని అట్నుంచి అటే వెళ్లిపోతుంది.

కంప్యూటర్ల కొట్టాయన కొత్తది బిగిస్తూ, "హీట్‌సింక్ వేయించుకోండి సార్. లేపోతే కాలిపోద్దండి, డేటా మొత్తం పోద్దండి" అన్నాడు. హీట్‌సింక్ అంటే ఆ సన్నటి డ్రైవ్ మీద కూర్చునే, గాడులున్న అల్యూమినియం రేకు. వేడిని లాగి గాలికి వదలడం దాని పని. డైరీలు పోతాయన్నాక నేనింకేం అడుగుతాను? వేసెయ్యమన్నాను.

ఇంటికొచ్చి కాపీ మొదలుపెట్టాను. కాసేపు పరుగెత్తింది, తరవాత నత్తనడక, చివరికి కొత్త డ్రైవ్ తెర మీంచే మాయమైంది. చల్లారాక మళ్లీ పెట్టాను. మళ్లీ అంతే. కొట్టుకి ఫోన్ చేస్తే, "అయితే ఫ్యాను ఉన్న పెద్దది వేద్దామండి" అన్నాడు!

చెల్లెలు పెట్టె సర్దుకుంటూ, "సత్యనారాయణస్వామి నీ కాపీ అయ్యేదాకా ఆగడు అన్నయ్యా" అంది.

ఇక లాభం లేదని నేనే స్క్రూలు విప్పాను. రేకు అడుగున మెత్తటి పట్టీ ఒకటి ఉంటుంది. అది డ్రైవ్‌కి అతుక్కుని వేడిని రేకుకి అందించాలి. ఆ పట్టీ మీద నీలం రంగు ప్లాస్టిక్ పొర, ఫ్యాక్టరీలో అంటించింది అంటించినట్టే ఉంది. వేడిని లాగేదానికీ వేడెక్కేదానికీ మధ్య ప్లాస్టిక్ అడ్డం పెట్టి బిగించాడు మహానుభావుడు!

మళ్లీ ఫోన్ చేశాను. "పొర తియ్యలేదేంటండి?"

"కొత్త వస్తువు కదండీ. మేం పీకేస్తే, వాడేసింది పెట్టారంటారండి కస్టమర్లు."

"భయపెట్టి అమ్మడం వచ్చినప్పుడు బిగించడం రావక్కర్లేదా అండీ?" అని పెట్టేశాను.

పక్కనుంచి మా ఆవిడ, "ఆయన్నెందుకండీ తిడతారు? ఫ్రిజ్ తలుపు మీద కవరు నన్ను తియ్యనిచ్చారా మీరు? చివర్లు నల్లబడిపోయాయి" అంది. చెల్లెలు పడీపడీ నవ్వింది. నాకేం నవ్వు రాలేదు. ఫ్రిజ్ తలుపు మీద ఎవరి డైరీలూ ఆధారపడి లేవు.

పొర పీకి, రేకు బిగించి మళ్లీ పెట్టాను. ఈసారి ఆగకుండా చివరిదాకా వెళ్లింది. పాతదాన్ని ఊడదీసి అట్టపెట్టెలో పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి చెల్లెలి సంచిలో వేశాను.

తను వెళ్లాక, అసలది కావాలో వద్దో తేల్చుకోవాలని రేకు పూర్తిగా తీసేసి చూశాను. కంప్యూటర్‌లో పేపరు చదివినా, ఉత్తరాలు రాసుకున్నా డ్రైవ్ గోరువెచ్చన దాటలేదు. పెద్ద కాపీ పెడితేనే వేడెక్కి నీరసించింది. వేడెక్కితే తనంతట తనే నెమ్మదించి తనను కాపాడుకుంటుందని దానితో వచ్చిన కాగితంలోనే రాసి ఉంది. మరి కాలిపోద్దని బెదిరించడం దేనికి? "మీరు దీంతో ఏం పని చేస్తారు సార్?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నాలాంటి పనికి కావాలి, పేపరు చదువుకునేవాళ్లకి అక్కర్లేదు. ఆ ప్రశ్న మాత్రం అడగడు!

ఆ సాయంత్రం తుని నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"నీ డైరీలు భద్రంగా చేరాయి అన్నయ్యా. అటక మీద పెడుతున్నాను. ప్లాస్టిక్ కవరు తియ్యనా, ఉంచనా?"

"ఉంచు. దానికి కావల్సిందే, చెమ్మ తగలకూడదు" అన్నాను.