పెద్దక్క ఎంచిన మిషన్

మా ల్యాబు చూసుకునే పెద్దక్క చేతులు ఎప్పుడూ నీలంగా ఉండేవి. ప్రోటీన్ ఎంతుందో తెలియాలంటే అప్పట్లో దాంట్లో ఓ రంగు కలిపేవాళ్లం. నీలం ఎంత ముదిరితే అంత ప్రోటీన్ ఉన్నట్టు. ఆ నీలాన్ని క్యూవెట్ అనే వేలెడంత గాజు డబ్బాలో పోసి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో పెడితే, అది వెలుగు పంపి అంకె చెప్పేది. పెద్దక్కకు ఆ పని కొట్టిన పిండి. అంకె చూడటం, రంగు కలిశాక ఇక పనికిరాదు కాబట్టి క్యూవెట్‌ను సింకులో బోర్లించడం, కడగడం అన్నీ ఒకే ఊపులో జరిగిపోయేవి. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా వెలుతురుకెత్తి చూశాకే తాగుతుందని బావగారు మా దగ్గర నవ్వేవారు. ఆవిడ మూతి ముడుచుకునేది.

ఓ వేసవిలో పాత మిషన్ చేతులెత్తేసింది. కొత్తది ఎంచే పని మా గైడు సారు పెద్దక్కకే వదిలేశారు. పరీక్షించి చూడమని కంపెనీవాళ్లు రెండు మిషన్లు పంపారు. రంగు కలపకుండానే రెండూ కొలుస్తాయి. ఒకటి క్యూవెట్‌ది. రెండోదానికి ఒక్క చుక్క చాలు. చుక్క చూసి చెప్పేదాన్ని కొలత అనరు, సోది అంటారని పెద్దక్క దాన్ని కొట్టిపారేసింది.

పరీక్షకు అసలైన ప్రోటీన్ కావాలి. నా దగ్గర ఓ చిన్న గొట్టంలో అరచెంచా ఉంది. వెచ్చదనానికి ప్రోటీన్ పాడవుతుందని చలిగదిలో పళ్లు టకటకలాడుతూ నెలల తరబడి కష్టపడితే దక్కింది అంతే. నా పరిశోధనంతా దానిమీదే నిలబడి ఉంది. క్యూవెట్ నిండాలంటే అదంతా పోయాలి. నేను గొట్టాన్ని గుప్పిట్లోంచి వదల్లేదు.

"వెలుగేమన్నా తాగేస్తుందా? రంగు కూడా కలపట్లేదుగా. చూసుకుని మళ్లీ నీ గొట్టంలోనే పోసేస్తాను, ఇలా తే" అంది.

ఇచ్చాను. అంకె ముచ్చటగా వచ్చింది. "చూశావా" అంటూ నావైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు అలా ఉండగానే ఆవిడ చెయ్యి క్యూవెట్ తీసి, అలవాటు ప్రకారం సింకులో బోర్లించేసింది. కొళాయి కూడా తిప్పింది.

ఆవిడ నీళ్లకేసి అలాగే చూస్తూ నిలబడిపోయింది. కాసేపటికి కొళాయి కట్టేసి, తిన్నగా సారు గదికి వెళ్లింది. వెనకే వెళ్లిన నాకు వినపడింది.

"చుక్కదే కొనండి సార్. నా చేతికి అంత అప్పగించే మిషన్ మనకొద్దు."

కోపం రావాల్సింది నాకు. వచ్చింది కూడా, రెండు రోజులు మాట్లాడలేదు. కానీ మూడోనాడు చలిగదిలోకి వెళ్లేసరికి బావగారి స్వెట్టర్ మోకాళ్లదాకా వేసుకుని ఆవిడ నాకంటే ముందే పని మొదలుపెట్టేసింది. మళ్లీ అన్ని నెలలూ నాతోపాటే వణికింది. ఏం పెట్టుకుని అలగను? ఆ చలి తలుచుకుంటే ఇప్పటికీ ఆవిడమీద బెంగొస్తుంది.

చివరికి ప్రోటీన్ వచ్చింది. కొలిచే రోజున పెద్దక్క గదిలోకే రాలేదు. నువ్వే పెట్టుకోమని గుమ్మం బయట గోడకేసి తిరిగి నిలబడింది. చుక్క పెట్టాను. అంకె పాతదానికంటే బాగా వచ్చింది. సంతోషం పట్టలేక గట్టిగా చదివాను.

ఆవిడ అంకె పట్టించుకోలేదు.

"మిగిలిందా?" అంది.

"అంతా ఉందక్కా" అని గొట్టం ఎత్తి చూపించాను. అప్పుడు లోపలికొచ్చింది.